బిడ్డ బరువు ఎవరి భారము?

పండుగకు కొడుకు ఇంటికి వచ్చిన నాయనమ్మ చేతిసంచి దించకముందే మనుమని బుగ్గలు పుణికి, "అయ్యో, బిడ్డ ఎంత చిక్కిపోయాడో!" అని కోడలి వంక చూచుట తెలుగు ఇండ్లలో వింత కాదు. ఆ మాటకు కోడలు తల వంచుకొనును. మనుమనికి తొమ్మిదేండ్లు. ఆ నెలలోనే పాఠశాలలో జరిగిన వైద్యపరీక్షలో వాని బరువు 48 కిలోలని తేలియున్నది. ఆ వయస్సుకు, ఆ ఎత్తుకు 30 కిలోల చుట్టుపట్ల ఉన్న చాలునని చీటీ వ్రాసి, పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించుమని బడివారు పంపిరి.

పండుగ గడచిన పిమ్మట అందరును కలిసి వెళ్లుదురు. డాక్టరు చీటీ చదివి తల్లి వైపు తిరుగును. తల్లి భర్త వైపు చూచును. "మా అమ్మ గారాబమండీ" అని భర్త నవ్వును. "బళ్లో కాస్త ఆడుకోనిస్తే కదా బాబూ" అని నాయనమ్మ అందుకొనును. బడివారు అక్కడ లేరు. ఉన్నచో వారు ఇంటివారినే చూపించెడివారు. తుదకు చూపులన్నియు పిల్లవాని మీదికి వచ్చి ఆగును. వాడు బరువు యంత్రము దిగి తన చెప్పులు వెదకుకొనుచుండును.

ఆ చూపులు ఒకరి మీదినుండి మరియొకరి మీదికి జరిగిన తీరులోనే ఒక నైతిక ప్రశ్న యున్నది. బరువును మోయుచున్నవాడు పిల్లవాడే. దానిని వాని మీద పెట్టినది ఎవరు?

బాలల స్థూలకాయము కలిగిన దేశముల జబ్బు అని అనుకొను కాలము గడచిపోయినది. 2022 నాటికి ప్రపంచములో 5 నుండి 19 ఏండ్ల వయస్సు గలవారిలో దాదాపు 16 కోట్లమంది స్థూలకాయులని 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనము లెక్కకట్టినది. భారతదేశములో 1990లో 4 లక్షలుగా నున్న ఆ సంఖ్య 2022 నాటికి 1 కోటి 25 లక్షలకు చేరినది. అట్లని దేశములో ఆకలి తీరిపోయినదని ఎవరును అనుకొనరాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఐదేండ్లలోపు పిల్లలలో 35.5 శాతము మంది వయస్సుకు తగిన ఎత్తు ఎదుగనివారు. అదే సర్వేలో అధిక బరువు గల పిల్లలు 3.4 శాతము, అంతకు ముందటి సర్వేలో, అనగా 2015–16లో, వారు 2.1 శాతమే. సంఖ్య ఇంకను చిన్నదే. అది పోవుచున్న దారి మాత్రము మంచిది కాదు.

పిల్లవాడే దోషి యని నోరు తెరచి చెప్పువారు తక్కువ. నడవడిలో చెప్పువారు ఎక్కువ. తరగతిలో వానికి తల్లిదండ్రులు పెట్టిన పేరు మరుగున పడి, లడ్డూ అనియో, బోండా అనియో, గున్న ఏనుగు అనియో మరియొక పేరు నిలిచిపోవును. ఆటలో జట్లు కట్టునప్పుడు చివరికి మిగులువాడు వాడే. పెండ్లి పందిట్లో వడ్డించుచున్న మేనమామ, "ఇంకొకటి వేయనా, ఇప్పటికే చాలునా?" అని పదిమంది వినునట్లు అడుగును, అడిగి వేయనే వేయును. వాడు నవ్వును. ఆ నవ్వు చూచి, వానికి ఏమియు పట్టదని పెద్దలు తృప్తిపడుదురు.

తినుచున్నది వాని చేయియే, నిజము. అయితే తొమ్మిదేండ్లవాడు సంపాదింపడు, సరుకులు కొనడు, పొయ్యి వెలిగింపడు. ఏ బడిలో చేరవలెనో, ఆ బడికి ఆటస్థలము ఉన్నదో లేదో వానిని ఎవరును అడుగలేదు. సాయంకాలము ట్యూషను ఎన్ని గంటలో వాడు నిర్ణయింపలేదు. తన కంటికి ఎదురుగా రోజుకు ఎన్ని ప్రకటనలు రావలెనో వాడు కోరుకొనలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో నియమించిన సంఘము 2016లో ఇచ్చిన నివేదికలో తేల్చినది ఇదే: ఈ స్థితికి దారితీయు కారణములలో ఏదియు పిల్లవాని వశములో లేదు, కావున దీనిని వాడు కోరి ఎన్నుకొన్న జీవితముగా చూడరాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఈ పాపము వీనిదా, వీనిని కన్నవారిదా అని శిష్యులు అడిగిన ప్రశ్న సువార్త చదువరులకు తెలిసినదే. ఆ రెండు జవాబులలో ఏ ఒక్కటియు అక్కడ అంగీకరింపబడలేదు. ఆ కథ వేరు, ఈ కథ వేరు. గాని బాధపడుచున్నవానిని ఎదుట నిలువబెట్టుకొని నేరస్థుని వెదకు అలవాటు మాత్రము రెండు చోట్లను ఒక్కటే.

పిల్లవాడు కానిచో తల్లిదండ్రులు. ఇది సహజముగా వచ్చు రెండవ జవాబు. దీనిని తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. ఇంటిలో ఏమి వండవలెనో, ఏమి కొనవలెనో నిర్ణయించువారు వారే. ఏడ్చు పిల్లవాని చేతిలో చాక్లెట్టు పెట్టి ఊరుకోబెట్టుట, మంచి మార్కులకు ఐస్‌క్రీము బహుమానముగా ఇచ్చుట, సెల్‌ఫోను చూపించుచు ముద్దలు నోట పెట్టుట, ఇవన్నియు పెద్దలు నేర్పినవే. ముద్ద మీద చూపు లేని పిల్లవానికి కడుపు నిండిన సంగతి ఎట్లు తెలియును? ఒకప్పుడు చందమామను చూపి తినిపించిన తల్లులును మరపించియే తినిపించిరని ఎవరైన అనవచ్చును. నిజమే. అయితే చందమామ గోరుముద్దలు అయిపోగానే మబ్బు చాటుకు పోయెడిది, ఫోను పోదు.

ఈ తప్పులు ద్వేషములోనుండి పుట్టినవి కావు, ప్రేమలోనుండి పుట్టినవి. ఇక్కడనే విషయము కఠినమగుచున్నది. అన్నము పెట్టని ప్రేమ తెలుగువారికి అర్థము కాదు. బొద్దుగా నున్న బిడ్డ తల్లి సామర్థ్యమునకు సాక్ష్యము. బక్కగా నున్న బిడ్డ ఆమెకు నింద. దీని వెనుక ఒక చరిత్ర యున్నది. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చివేసిన డొక్కల కరువు, 1876–78 నాటి ధాత కరువు ఈ నేలమీద జరిగినవే. రెండవ కరువు కాలములో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించిన సంగతి అనేక క్రైస్తవ కుటుంబములలో నేటికిని చెప్పుకొందురు. ఎముకలు లెక్కపెట్టదగిన పిల్లలను చూచిన తరములు, బిడ్డ ఒంటిమీద కండ కనబడినప్పుడు దేవునికి స్తోత్రము చెప్పుకొనినచో తప్పేమి? ఆ కాలమునకు అది వివేకమే. ముత్తవ్వ నేర్పిన వివేకము మునిమనుమని ఇంటిలో, ఫ్రిజ్జు నిండి, పొలము లేక, నడక లేక, మార్పు లేకుండ నిలిచియుండుటయే చిక్కు.

ఆకలి జ్ఞాపకములోనే గాక శరీరములోను గుర్తు విడుచును. పూనాలో డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందము అక్కడి నవజాత శిశువులను ఇంగ్లాండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి 2003లో ఫలితములు ప్రకటించినది. పూనా శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. అంత చిన్న శరీరములలో కండ తగ్గినంతగా క్రొవ్వు తగ్గలేదు. చూచుటకు సన్నని బిడ్డ, లోపల క్రొవ్వు దాచుకొను బిడ్డ. నెదర్లాండ్స్‌లో 1944–45 శీతకాలపు కరువులో తల్లి గర్భపు తొలి నెలలలో ఆకలికి గురియైన బిడ్డలు యౌవనమునకు వచ్చునప్పటికి వారిలో స్థూలకాయులు ఎక్కువగా కనబడిరని 1976లో తేలినది. కడుపు మాడిన తల్లికి పుట్టిన బిడ్డకు, చవకగా దొరకు నూనె, చక్కెర ఎదురైనప్పుడు ఏమగునో ఊహించుట కష్టము కాదు. ఆకలియు స్థూలకాయమును ఒకదానికొకటి విరుద్ధములని తలంచి, ఒకదాని గూర్చి మాటలాడుట రెండవదానికి ద్రోహమని వాదించువారు దీనిని గమనింపవలెను.

తల్లిదండ్రులను నిందించుటకు తొందరపడువారు గమనింపవలసినది మరియొకటి కలదు. 1986లో ఆల్బర్ట్ స్టంకార్డ్ అను అమెరికా వైద్యుని బృందము డెన్మార్క్‌లో దత్తతకు వెళ్లినవారిని పరిశీలించగా, పెద్దలైన తరువాత వారి ఒడ్డుపొడవులు పెంచినవారిని గాక కన్నవారిని పోలియున్నవని కనుగొనెను. 1997లో కేంబ్రిడ్జి వైద్యులు పాకిస్తాన్ మూలములు గల ఒక కుటుంబములోని ఇద్దరు పిల్లల సంగతి ప్రకటించిరి. ఎనిమిదేండ్ల బాలిక 86 కిలోలు, ఆమెకు బంధువైన రెండేండ్ల బాలుడు 29 కిలోలు. ఎంత తిన్నను తీరని ఆకలి వారిది. తరతరములుగా దగ్గరి సంబంధములు చేసికొనిన ఆ కుటుంబములో లెప్టిన్ అను హార్మోను తయారుచేయు జన్యువు చెడిపోయినదని పరీక్షలో తెలిసినది. ఆ హార్మోనును సూదిమందుగా ఇచ్చిన పిమ్మట ఆకలి శాంతించి బరువు దిగినది. అంతవరకు ఆ తల్లులు ఎన్ని చూపులు భరించియుందురో! ఇట్టి పిల్లలు బహు అరుదు. ఈ కథ చెప్పి ప్రతి ఇంటివారును తప్పించుకొనుటకు వీలులేదు. వంశమునుండి వచ్చునది ఎక్కువ భాగము ఒక మొగ్గు మాత్రమే. ఆ మొగ్గు ఎంత దూరము తీసికొనిపోవునో చుట్టునున్న లోకము నిర్ణయించును. 1990కిని 2022కిని నడుమ భారతీయుల జన్యువులు మారలేదు.

తల్లిదండ్రులు అనునప్పుడు వినువారి మనస్సులో మెదలునది తల్లి మాత్రమే. ఇది అన్యాయము. డాక్టరు ప్రశ్నలు ఆమెకే; డబ్బా సర్దవలసినది ఆమెయే; ఉద్యోగమునకు పోయి రాత్రి ఏడు గంటలకు తిరిగివచ్చి బయటినుండి తెప్పించినచో నింద ఆమెకే. ఆదివారము బిర్యానీ పొట్లము, దానితో రెండు లీటర్ల శీతల పానీయము తెచ్చిన తండ్రి ఇంటిలో అందరికిని ఇష్టుడు. సందు చివరనున్న అంగడికి కూడ మోటారు సైకిలు మీదనే పిల్లవానిని ఎక్కించుకొని పోవువాడు అతడే. పిల్లలు చెప్పినది చేయరు, చూచినది చేయుదురు. భోజనమైన వెంటనే దిండుకు ఆనుకొని టీవీ ముందు ఒరిగిన తండ్రి, "పోయి ఆడుకోరా" అని చెప్పినచో, ఆ మాటకు ఎంత విలువ యుండును?

తల్లిదండ్రులదే సమస్త బాధ్యత యని ప్రభుత్వము నిశ్చయించినచో ఏమగునో 2011లో అమెరికాలో కనబడినది. ఓహాయో రాష్ట్రములోని క్లీవ్‌లాండ్ నగరములో, 90 కిలోలకు పైబడిన ఎనిమిదేండ్ల బాలుని శిశు సంక్షేమాధికారులు తల్లి వద్దనుండి తీసికొని వేరుచోట ఉంచిరి. వైద్యుల సలహా పాటింపకపోవుట నిర్లక్ష్యమని వారి వాదన. తాను చేయగలిగినదంతయు చేయుచున్నానని తల్లి మొరపెట్టుకొనినది. ఆ సంవత్సరమే ఒక వైద్యుడును ఒక న్యాయశాస్త్ర పరిశోధకురాలును అమెరికా వైద్య సంఘపు పత్రికలో, మిక్కిలి తీవ్రమైన సందర్భములలో ప్రభుత్వము కల్పించుకొనవచ్చునని వ్రాసిరి. 2012లో బాలుడు బరువు తగ్గి తల్లి చెంతకు తిరిగివచ్చెను. కొందరికి ఇది విజయము. బిడ్డ ప్రాణము మీదికి వచ్చినప్పుడు ఎవరో ఒకరు తలుపు తట్టవలసినదే, కాదనలేము. కాని నెలల తరబడి ఇల్లు విడిచి యుండవలసి వచ్చినది ఎవరు? నేరము పెద్దలది యని తీర్పు చెప్పి, శిక్షను మరల పిల్లవానిచేతనే అనుభవింపజేసిరి. ఆ యింటి తలుపు తట్టిన ప్రభుత్వము, ఆ వీధి చివర దుకాణములో ఏమి అమ్ముడగుచున్నదో చూచుటకు అదే పట్టుదలతో వెళ్లినదా అను ప్రశ్న మిగిలియే యున్నది.

ఆ ప్రశ్న ఇక్కడి వీధులకును వర్తించును. బడి గేటు దాటగానే బడ్డీ కొట్టు. కొట్టు ముందర తోరణములవలె వ్రేలాడు పొట్లములు, ఒక్కొక్కటి ఐదు రూపాయలు. ఐదు రూపాయలకు అరటిపండు దొరకుట గగనము. దొరికినను దానికి రంగుల ప్రకటన లేదు, లోపల బొమ్మ లేదు. కూలికి పోవు తల్లి ఉదయము బిడ్డ చేతిలో పెట్టగలిగినది ఆ నాణెమే. స్థూలకాయము కలవారి బిడ్డలకే వచ్చునను మాట ఈ ఐదు రూపాయల పొట్లముతో చెల్లిపోయినది. 300 మిల్లీలీటర్ల శీతల పానీయములో సాధారణముగా 30 గ్రాముల చక్కెర, లేదా అంతకు మించి, యుండును. కలిపిన చక్కెర పెద్దవారికి సైతము రోజుకు 25 గ్రాములు మించకున్న మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించియున్నది. ఒక్క సీసా త్రాగిన పిల్లవాడు పెద్దవాని రోజంతటి పాలును దాటిపోయినాడు.

చట్టములు లేవని కాదు. క్రొవ్వు, చక్కెర, ఉప్పు హెచ్చుగా గల తినుబండారములను పాఠశాల ఆవరణలోను, గేటునుండి 50 మీటర్ల లోపలను అమ్మరాదని ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2020లో నిబంధన చేసినది. ఏబది మీటర్లు ఎంత దూరము? తొమ్మిదేండ్లవాడు నిమిషములోపల నడచిపోవును. ఆ దినమంతటిలో వానికి లభించు నడక అదియే కావచ్చును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలము ఉండవలెనని తన షెడ్యూలులో చెప్పుచున్నది. తెలుగు పట్టణములలో బహుళ అంతస్తుల భవనములలో నడచు బడులను చూచినవారికి ఆ వాక్యము చదివినప్పుడు ఏమి తోచునో చెప్పనక్కరలేదు. ఆటల పీరియడు కాలపట్టికలో ఉండును; పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టరుకు పోవును. దీనికి తల్లిదండ్రులు అభ్యంతరము చెప్పరు సరిగదా సంతోషించుచున్నారు. ఇక్కడ ఇల్లు, బడి ఒకటే మాట మీద నున్నవి.

అమ్మువారి వాదము తెలిసినదే: మేము ఎవరి నోటను బలవంతముగా కుక్కుటలేదు, కొనువారు కొనుచున్నారు. పెద్దల విషయములో ఈ మాటకు కొంత బలమున్నది. పిల్లల విషయములో లేదు. ఎన్నుకొను శక్తి ఇంకను ఏర్పడనివానికే గురిపెట్టి, వాని ఇష్టమైన బొమ్మలతో, పాటలతో ప్రకటన తయారుచేసినవాడు, ఎన్నుకొనినది వాడే అని తరువాత చెప్పుట న్యాయము కాదు. తల్లులు ఆరోగ్యము కొరకని నమ్మి పాలలో కలిపిన పొడులను 'ఆరోగ్య పానీయములు' అను వర్గమునుండి తొలగింపవలెనని కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ అంగళ్లకు సూచించినది 2024లో మాత్రమే. అంతవరకు నమ్మిన తల్లిని నిర్లక్ష్యము గలదని అనవచ్చునా?

ఇతర దేశములు కొన్ని ఉపాయములు చేసి చూచినవి. మెక్సికో 2014లో తీపి పానీయములపై లీటరుకు ఒక పెసో పన్ను వేసినది. చిలీ 2016లో చక్కెర, క్రొవ్వు, ఉప్పు హెచ్చైన పొట్లములపై నల్లని అష్టకోణపు ముద్రలు వేయించినది. చదువురాని తల్లియు దానిని గుర్తుపట్టగలదు. అదే ఏట కేరళ ప్రభుత్వము పేరుమోసిన దుకాణములలో అమ్ము బర్గర్లు, పిజ్జాలపై 14.5 శాతము పన్ను విధించెను. మరుసటి ఏట జి.ఎస్.టి. రాగానే అది ముగిసిపోయినది. పన్ను ఒక్కటే మార్గమని గాని, అది పేదవానికి భారము కాదని గాని చెప్పలేము. ఐదు రూపాయల పొట్లము ఏడు రూపాయలైనంత మాత్రాన అరటిపండు చవక కాదు. రాయితీ పొట్లమునకు గాక పండునకు చేరిననాడే ఆ లెక్క సరిపోవును.

ఇంతమంది బాధ్యులైనచో ఒక్కొక్కరి వంతు చిన్నదగును గదా అను ఆలోచన పుట్టుట సహజము. రాజుగారు తొట్టి నింపుటకు ఇంటికొక చెంబు పాలు తెమ్మన్న కథ పల్లెలలో పిల్లలకును తెలియును. అందరును పాలు పోయుదురు, నా చెంబెడు నీళ్లు ఎవరికి తెలియునని ప్రతివాడును తలంచెను. తెల్లవారి చూడగా తొట్టెడు నీళ్లే. తండ్రి తన వంతును తల్లికి, తల్లి బడికి, బడి ప్రభుత్వమునకు, ప్రభుత్వము అమ్మువారికి, అమ్మువారు మరల తల్లిదండ్రులకు అప్పగించుచున్నంత కాలము జరుగునది ఇదియే. నేరమును పంచుకొనవచ్చును, పంచుకొనుకొలది అది పలుచనగును. బిడ్డ యెడల బాధ్యత అట్టిది కాదు. బడి తన పని చేయలేదని తండ్రి పని సగమైపోదు. తండ్రి చేయలేదని బడి ఆటస్థలమునకు తాళము వేసికొనరాదు. ఇంటిలో అందరును వంట మార్చుకొన్నను, గేటు బయట తోరణములు అట్లే వ్రేలాడుచున్నచో వాని పోరాటము ప్రతి సాయంకాలము ఒంటరిదే. దేవాలయములో ఆదివారపు బడి ముగిసిన పిమ్మట పిల్లల చేతులలో మిఠాయి పోయు ఉపాధ్యాయురాలును ఈ లెక్కలో లేకపోలేదు.

ఆ డాక్టరు గదిలో పిల్లవాడు చెప్పులు తొడుగుకొనునప్పటికి డాక్టరు ఒక కాగితము వ్రాసి ముగించియుండును. ఉదయము ఇంత, మధ్యాహ్నము ఇంత, నూనె తగ్గింపవలెను, పొట్లములు, సీసాలు మానవలెను, రోజుకు ఒక గంట ఆట. తల్లి దానిని మడచి సంచిలో పెట్టుకొనును. నాయనమ్మ నిట్టూర్చును. తండ్రి బండి తాళములు చేతికి తీసికొనును. మెట్లు దిగుచుండగా పిల్లవాడు తల్లి కొంగు పట్టుకొని మెల్లగా అడుగును:

"అమ్మా, ఇది నాకొక్కడికేనా? నాన్న కూడా ఇదే తింటాడా?"